రెండో కుర్చీ

నురగ రాసిన గడ్డం మీద కత్తి చెవి దగ్గర్నుంచి కిందికి దిగుతోంది. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది గానీ, మొదటి కుర్చీ ఆయన కళ్లు ఆ గడ్డం మీద లేవు. అద్దంలో, కూర్చున్న మనిషి భుజం పైనుంచి, వెనక గోడకు ఆనించిన బల్ల మీద ఉన్నాయి. బల్ల మీద ముగ్గురున్నారు. ముగ్గురి చేతుల్లోనూ ఫోన్లు, ముగ్గురివీ వంచిన తలలే. ఏ తల కింద ఏ పాపం జరుగుతోందో అద్దం చెప్పదు కదా.

"కాస్త చూసి గీయవయ్యా, అది గొంతు," అన్నాడు కుర్చీలో ఉన్న లాయరు, పెదవులు కదపకుండా.

మొదటి కుర్చీ ఆయన ఉలిక్కిపడి కళ్లు దించుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ అలా అనలేదు.

అది వీధి మలుపులోని సెలూన్. లోపల రెండే కుర్చీలు. గుమ్మం పక్కనున్నది యజమానిది. అందుకని వీధిలో అందరూ ఆయన్ని మొదటి కుర్చీ అంటారు. లోపలి కుర్చీ దగ్గర పనిచేసే ఆయన రెండో కుర్చీ. ఇద్దరికీ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఉన్నాయి. వాటితో పిలిస్తే ఇప్పుడు ఇద్దరూ పలకరేమో. మొదటి కుర్చీ ఆయనది బరువైన ఒళ్లు, మందమైన మణికట్లు, నిలబడి నిలబడి పిక్కల్లో ముడులు కట్టిన నరాలు. తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఊదిన బెలూన్‌కి నురగ రాసి, అది పగలకుండా గీయడం రావడానికి చాలా బెలూన్లు పగిలాయి. పగిలినప్పుడల్లా మొహం నిండా నురగ, వీపు మీద ఒక దెబ్బ. బస్సు నడపాలని ఒకప్పుడు సరదా ఉండేది. అది ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ వద్దనలేదు, అదే మెల్లగా పోయింది. పెళ్లయింది, కూతురు పుట్టింది, తండ్రి పోయాడు, అద్దాలు మారాయి. చెప్పుకోవడానికి ఇంతకుమించి ఏమీ లేదు.

ఈ బల్ల మీద పూర్వం పత్రికలుండేవి. జనం వాటిని ముట్టుకోవడం మానేశాక, వంతు వచ్చేదాకా కూర్చోలేక "మళ్లీ వస్తాలే" అని జారుకునేవాళ్లు. అలా అన్నవాళ్లు మళ్లీ వచ్చింది తక్కువ. అప్పుడు, కూతురి చదువు కోసం మేడ మీద ఇంట్లో పెట్టించిన వైఫై డబ్బాను కిందికి దింపి అద్దం పైన మేకుకు తగిలించాడు. మొదట్లో దానికి పాస్‌వర్డ్ ఉండేది. చేతినిండా నురగ, ఎదుటివాడి గొంతు మీద కత్తి, వెనకనుంచి "అన్నా, పాస్‌వర్డ్?" అని కేక. ఒక పెద్దక్షరం, నాలుగు చిన్నక్షరాలు, మధ్యలో ఏదో గుర్తు. ఆ గుర్తు పేరేమిటో ఆయనకు ఈనాటికీ తెలియదు. "అదే, కొంకి తిరిగిన గీత" అంటే ఎవరికీ బుర్రకెక్కేది కాదు. విసుగొచ్చి ఒకరోజు కూతురి చేత ఆ తాళం కాస్తా తీయించేశాడు. బల్ల నిండింది, ఆయన మురిసిపోయాడు. వైఫై కూడా షాపులో లైటు లాంటిదే, దాని వెలుగు గుమ్మం దాటి అంత దూరమేం పోతుందిలే అనుకున్నాడు.

మొన్న హెడ్డుగారు వచ్చారు. హెడ్డుగారంటే స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్. గడ్డానికి కాదు, పనిమీద వచ్చారు. ఈ వీధి చివరి బడిలో పనిచేసే టీచరమ్మకు ఎవడో పేరు చెప్పనివాడు రోజూ మెసేజీలు పంపుతున్నాడట. మొదట పొగడ్తలు, తరవాత బూతులు, ఆ తరవాత బెదిరింపులు. ఆవిడ ఏ చీర కట్టుకుందో, ఏ వేళకు ఇటు నడిచిందో కూడా రాస్తున్నాడట. అవి ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకుని చూస్తే ఈ సెలూన్ లైను తేలింది. ఎవడి ఫోనో మాత్రం తేలలేదు. తేలేదాకా డబ్బా ఆపవద్దని కూడా చెప్పారు. ఆపితే దాచుకున్నట్టు అవుతుందట.

మొదటి కుర్చీ ఆయన నోరు పెగల్చుకుని, వీధి కుళాయి దగ్గర ఎవడు నీళ్లు తాగాడో తనకేం తెలుస్తుందని అడిగాడు.

"కుళాయి వీధిది కాదుగా, మీది," అన్నారు హెడ్డుగారు. "లైను మీ పేరు మీద ఉంది. అందులోంచి ఏం పోయినా మొదట మిమ్మల్నే అడుగుతారు. మీరు కాదంటే, ఎవరో చెప్పండి."

మామూలు రోజుల్లో అయితే ఆయన ఇంతలా హడలిపోయేవాడు కాదు. కూతురికి పెద్దాసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రక్తం పరీక్షలు చేసే పని. రావడమంటే, అన్నీ అయ్యాయి గానీ ఇంట్లో ఎవరి మీదా కేసులేవీ లేవని స్టేషన్ వాళ్లు చెప్పాలి, అదొక్కటే మిగిలింది. చెప్పాల్సింది ఈ హెడ్డుగారే. ఆ పిల్ల రెండేళ్లుగా కళ్లల్లో వత్తులు వేసుకుని చదివింది. తన షాపు బల్ల నిండాలన్న ఆశకు దాని నోటికాడ కూడు పోతుందేమోనని ఆయనకు మొన్నటినుంచి ముద్ద దిగడం లేదు.

భార్యకు ఆ రాత్రే చెప్పాడు. ఆవిడ వింది. విన్నాక ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. నువ్వు కాదు కదా అని అడగలేదు. అడిగి ఉంటే కోపమైనా తెచ్చుకునేవాడు. చూసి, కళ్లు తిప్పుకుని, లేచి గిన్నెలు సర్దుకుంది. ఆ చూపు ఆయన వీపులో ముల్లులా ఉండిపోయింది.

సొంత భార్యే అలా చూశాక ఆయన ఎవర్ని నమ్ముతాడు? నిన్నంతా, ఈ పూటంతా బల్ల మీదే కాపలా. వెంట్రుకలు ఊడ్చే నెపంతో చీపురు పట్టుకుని వెనకగా వెళ్లి ఫోన్లలోకి తొంగిచూస్తున్నాడు. పాలు పోసే ఆయన ఆవుల బొమ్మలు చూస్తున్నాడు. ఎవరో కుర్రాడు ఆయన నీడ పడగానే తెర ఆర్పేశాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వాడేనా అనుకున్నాడు, కానీ ఎర్రబడ్డ చెవులన్నీ నేరాలైతే ఊళ్లో జైళ్లు చాలవు. రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం ఫోను జేబులో పెట్టుకుని, "మెడ మీద ఊపిరి కొడుతున్నావయ్యా, నేను క్షవరానికొచ్చానా, సోదాకొచ్చానా?" అని చక్కా లేచి వెళ్లిపోయారు. ఆయన వెనక ఇంకొకరు లేచారు. వాళ్లు ఎందుకు లేచారో మొదటి కుర్చీకి తెలుసు, అయినా లేచినవాళ్ల మీదే అనుమానం పెరిగింది.

టీచరమ్మ ఈమధ్య అవతలి వైపునుంచి నడుస్తోంది. ఇంతకుముందు వాళ్ల అబ్బాయిని రెండో కుర్చీ దగ్గరికి తీసుకొచ్చేది. పిల్లలందరూ రెండో కుర్చీ దగ్గరే చేయించుకుంటారు, యజమాని మొహం చూస్తే ఏడుస్తారు. ఈ పొద్దున ఆవిడ షాపు ఎదురుగా వచ్చేసరికి పైట భుజం చుట్టూ లాక్కుని, తల ఇటు తిప్పకుండా గబగబా వెళ్లిపోయింది. అద్దంలో అది చూసి ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. తను ఏమీ చేయలేదు. అయినా సిగ్గేసింది.

లాయరు గడ్డం సగంలో ఉండగానే విషయం ఆయన చెవిన వేశాడు. లాయరు నురగలోంచే ఉచిత సలహా ఇచ్చాడు. తెలిసి చేయడం వేరు, తెలియక తలుపు తీసి వదిలేయడం వేరు, రెండిటికీ శిక్ష ఒకటి కాదు, అసలు రెండోదానికి శిక్ష ఉందా లేదా అన్నదే కోర్టులు ఇంకా తేల్చుకోలేదు, తేలేదాకా మాత్రం నువ్వు తిరగక తప్పదు అన్నాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, కళ్లతోనే లోపలి కుర్చీ వైపు చూపించాడు.

"వచ్చిపోయేవాళ్లని తరవాత చూద్దువు గాని. పొద్దస్తమానం ఇక్కడే ఉండేవాళ్ల సంగతేమిటి?"

మొదటి కుర్చీ కత్తిని గుడ్డకు తుడుచుకున్నాడు. ఆ మాట ఆయనకు కొత్త కాదు. మొన్న రాత్రినుంచి తనలో తాను ఆ మాటే నములుతున్నాడు.

రెండో కుర్చీ ఆయన సన్నటి మనిషి, పొడుగాటి వేళ్లు, పిల్లల ఎత్తుకు వంగీ వంగీ కాస్త గూనిపడ్డ వీపు. మీసాలు వచ్చీరాని వయసులో మొదటి కుర్చీ తండ్రి ఎక్కడినుంచో తీసుకొచ్చి చేతికి దువ్వెన ఇచ్చాడు. అప్పటినుంచి ఇక్కడే. పెళ్లి మాట రెండుసార్లు వచ్చి రెండుసార్లూ పోయింది. వెనక వీధిలో ఒక గది, ఒక మంచం. యజమానిని అన్నా అంటాడు, ఆయన భార్యను వదినా అంటాడు, కూతురు ఈయన్ని బాబాయ్ అంటుంది. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు. కొన్నాళ్లుగా ఆయన చేతికి ఒక ఫోను వచ్చింది. బేరం లేనప్పుడు మూలకు వెళ్లి గోడవైపు తిరిగి అందులో ఏదో చూస్తాడు. నవ్వుకుంటాడు. యజమాని అటు వస్తే చటుక్కున బోర్లా పెట్టేస్తాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి తన దగ్గర దాచింది అదొక్కటే. పెళ్లాం లేనివాడు, వయసు మీదపడ్డవాడు, గోడవైపు తిరిగి ఏం చూస్తాడు? టీచరమ్మ ఏ చీర కట్టుకుందో ఈ గుమ్మంలోంచి కనబడదా? ఆవిడ అబ్బాయికి జుట్టు కత్తిరించింది ఈయనే కదా? ఒక్కొక్కటీ విడివిడిగా చూస్తే ఏమీ కాదు. పక్కపక్కన పెట్టుకునేసరికి మొదటి కుర్చీకి ఒకే మొహం కనబడింది.

ఆ ఇద్దరికీ ఒక అలవాటుంది. మంగలి గడ్డం మంగలే గీయాలని తండ్రి పెట్టిన పద్ధతి. వారానికి ఒకసారి, షట్టర్ ఎత్తగానే, బేరాలు మొదలవకముందు, ఒకరి గడ్డం ఒకరు గీస్తారు. మొదట అన్న గడ్డం, తరవాత తమ్ముడిది. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, గొంతు ఎదుటివాడి కత్తికి అప్పగించి కూర్చుంటారు. ఆ కాసేపు ఇద్దరికీ కునుకు పట్టేది. ఇంట్లో గొడవైనా, ఒంట్లో బాగాలేకపోయినా అది తప్పలేదు. తండ్రి పోయిన వారంలో కూడా తమ్ముడే అన్న మొహాన్ని వేడినీళ్లతో తుడిచి గీశాడు.

ఇవాళ ఆ రోజు. పొద్దున మొదటి కుర్చీ మాత్రం ఇంట్లోనే గడ్డం చేసుకుని వచ్చాడు. తన గడ్డం తాను గీసుకోవడం ఆయనకు అలవాటు లేదు, చుబుకం కింద తెగింది. రెండో కుర్చీ అప్పటికే వేడినీళ్లు పట్టి, గుడ్డ విదిలించి నిలబడ్డాడు. అన్న మొహం చూశాడు. చుబుకం కింద అతికించిన దూది ముక్క చూశాడు.

"చేసేసుకున్నావా అన్నా?" అన్నాడు.

"ఆఁ. ఏదో, తొందరలో," అని నసిగాడు మొదటి కుర్చీ.

రెండో కుర్చీ విదిలించిన గుడ్డను మళ్లీ మడత మీద మడత పెట్టి లోపల పెట్టేశాడు. తనకు గీయమని అడగనూ లేదు. వారంనాటి నెరిసిన గడ్డంతోనే రోజంతా జనానికి గడ్డాలు గీశాడు.

మధ్యాహ్నం హెడ్డుగారు ఫోన్ చేశారు. మొదటి కుర్చీ ఫోను చెవిన పెట్టుకుని, వెనక నీళ్ల డ్రమ్ము ఉన్న సందులోకి వెళ్లి తెర లాగాడు. పైనుంచి అడుగుతున్నారు, ఇవాళ ఏదో ఒకటి చెప్పాలి, ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగారు హెడ్డుగారు. అవతల గొంతు, మీ అమ్మాయి సంగతి కూడా నా దగ్గరే ఉంది కదా అని గుర్తుచేసింది. బెదిరించినట్టు కాదు, మామూలుగానే అంది.

"అనుమానమంటే... మా రెండో కుర్చీ అతను ఈమధ్య ఫోను ఎక్కువ చూస్తున్నాడు సార్. దాచుకుని చూస్తున్నాడు. మరి నాకు తెలీదు."

అన్నాడు. అనేశాక డ్రమ్ములో నీళ్లతో మొహం కడుక్కున్నాడు. కూతురి కోసమే అన్నానని మనసుకు నచ్చచెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు గానీ నోరు మూసుకుంది. బయటికి వస్తే రెండో కుర్చీ ఒక కుర్రాడి తల మీద పనిచేస్తున్నాడు. ఫోను ఎవరిదన్నా అని అడిగాడు, తలెత్తకుండా. ఇంటినుంచి అని చెప్పాడు మొదటి కుర్చీ. ఇల్లు పైనే ఉంది. పిలవాలంటే భార్య మెట్ల మీదనుంచి కేకేస్తుంది, ఫోన్ చేయదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ కుర్రాడి తల చూసి మాత్రం మొదటి కుర్చీ ఆశ్చర్యపోయాడు. చెవుల పైన చర్మం కనబడేంత సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ ఎక్కడ ఒత్తు పెరిగిందో తెలియకుండా కలిసిపోయింది. ఈ కాలపు పిల్లలు అడిగే పని అది. అలాంటివి అడిగిన కుర్రాళ్లని ఆయన ఇన్నాళ్లూ పెద్ద వీధిలోని ఏసీ షాపుకు పొమ్మనేవాడు. తమ్ముడు ఎక్కడ నేర్చాడు, ఎప్పుడు నేర్చాడు? మెచ్చుకోవాల్సిన చోట కూడా ఆయనకు అనుమానమే వచ్చింది. ఇంకా ఏమేం నేర్చాడో అనుకున్నాడు.

సాయంత్రం, వీధి దీపాలు ఇంకా వెలగకముందు, హెడ్డుగారి బండి వచ్చి షాపు ముందు ఆగింది. బల్ల మీద ఎవరూ లేరు. రెండో కుర్చీ దగ్గర మాత్రం పాలు పోసే ఆయన మొహం నిండా నురగతో కూర్చుని ఉన్నాడు.

హెడ్డుగారు నవ్వుతూ లోపలికి వచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టారు. దొరికాడయ్యా అన్నారు. ఎదురు మేడ మీద పై గదిలో అద్దెకున్నవాడట. ఈ గడప ఎప్పుడూ తొక్కినవాడే కాదు. కిటికీలో కూర్చుని, ఈ డబ్బా సిగ్నల్‌నే వాడుకుంటూ, ఆవిడ వచ్చేదీ పోయేదీ చూసి రాసేవాడట. ఇంకెవరికో కూడా ఇలాగే రాసి అక్కడ పట్టుబడ్డాడు, ఫోను తెరిస్తే అన్నీ బయటపడ్డాయి. వైఫై గుమ్మం దగ్గర ఆగుతుందనుకున్నారా అని ఎగతాళి చేశారు. ఒకసారి స్టేషన్‌కొచ్చి సాక్షిగా చెప్పి వెళ్లమన్నారు, రేపే దానికి తాళం వేయించమన్నారు, అమ్మాయి ఉద్యోగానికి ఏ అడ్డూ లేదన్నారు.

మొదటి కుర్చీ చేతులు జోడించాడు. హెడ్డుగారు టోపీ పెట్టుకుంటూ, ఆయన భుజం తట్టి, లోపలివైపు తల ఊపారు.

"మీరు చెప్పిన ఈయన కాదు లేండి. ఇంక నిశ్చింతగా పడుకోండి."

మంచి మాటే చెప్పాననుకుని బండెక్కి వెళ్లిపోయారు.

కత్తి చప్పుడు ఆగలేదు. నురగలోంచి మెత్తగా, ఒకే తీరుగా వినిపిస్తూనే ఉంది. మొదటి కుర్చీకి అద్దంలోకి చూసే ధైర్యం లేకపోయింది. రెండో కుర్చీ చెంపలు పూర్తి చేశాడు, గొంతు పూర్తి చేశాడు, తడిగుడ్డతో తుడిచాడు, మెడ మీద పౌడరు అద్దాడు. పాలు పోసే ఆయన ఇద్దరి మొహాలూ చూసి డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు రెండో కుర్చీ తన కత్తులు కడిగి, తుడిచి, కత్తెర్లతో కలిపి గుడ్డలో చుట్టాడు. మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. కాసేపు లోపలే అటూ ఇటూ ఏదో సర్దాడు, డ్రమ్ములో నీళ్ల చప్పుడైంది. మొదటి కుర్చీ చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాడు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ రెండో కుర్చీ అన్నాడు:

"పొద్దున్నే అడిగితే ఫోను నీ చేతికిచ్చేవాణ్ణి కదన్నా."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తిట్టినా, కొట్టినా పడేవాడు. రోజూ పోయేముందు వస్తానన్నా అని చెప్పే మనిషి, ఇవాళ ఆ మాట చెప్పలేదు. చంకలో గుడ్డ మూటతో, నెరిసిన గడ్డంతో, మలుపు తిరిగి వెళ్లిపోయాడు. మొదటి కుర్చీ గుమ్మందాకా వచ్చాడు గానీ గడప దాటలేకపోయాడు. ఏ మొహం పెట్టుకుని దాటతాడు?

కూతురు మెట్లు దిగి పరుగులాంటి నడకతో వచ్చింది. మేడ మీదనుంచి హెడ్డుగారి మాటలు సగం విన్నట్టుంది, మొహం వెలిగిపోతోంది. నాన్న చెయ్యి పట్టుకుని ఊపింది. తరవాత లోపలికి చూసి, బాబాయ్ ఏడి అని అడిగింది. ఆయనకు చూపించడానికి కొత్తది ఒకటి దొరికిందంది.

"ఏం కొత్తది?" అన్నాడు మొదటి కుర్చీ.

"కటింగు వీడియో నాన్నా. కుర్రాళ్లు వెనక్కి పోతున్నారని బాధపడుతుంటే నేనే ఫోన్‌లో పెట్టిచ్చాను. రోజూ చూసి నేర్చుకుంటున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. ఈ వయసులో చదువేంట్రా అని నవ్వుతావట."

నాన్న మొహం చూసి ఆ పిల్ల నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఏమైంది నాన్నా అని ఒకసారి, బాబాయ్ ఏడి అని మరోసారి అడిగింది. ఆయన లోపలి కుర్చీ వైపు తల తిప్పాడు. ఆ పిల్ల కూడా అటే చూసింది.

కుర్చీ మీద ఒక్క వెంట్రుక లేదు. దాని రెండు చేతుల మీద అడ్డంగా చెక్క వేసి ఉంది. ఎత్తు చాలని పిల్లల్ని కూర్చోబెట్టే చెక్క అది, ఆ పిల్ల పుట్టువెంట్రుకలు తీసింది కూడా దాని మీదే. వెళ్లేముందు కడిగి పెట్టినట్టున్నాడు. కూర్చుని కూర్చుని మధ్యలో నున్నగా అరిగిపోయిన చోట తడి ఇంకా ఆరలేదు.